తిరుచానూరు రోడ్డు ఫ్లాట్: రేణిగుంట ఉద్యోగులకు పనికొస్తుందా?

రేణిగుంటలో ఉద్యోగం రావడంతో తిరుచానూరు రోడ్డు పక్కన ఓ అపార్ట్‌మెంట్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అద్దెకు తీసుకున్నాం. గాలీ వెలుతురూ బాగున్నాయి, వంటింటి కిటికీలోంచి శేషాచలం కొండలు కనిపిస్తాయి. నీళ్లే పెద్ద తలనొప్పి. అంతా బోరు నీళ్లు. కుళాయిల చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, కందిపప్పు ఓ పట్టాన ఉడకదు. తాగడానికే కాదు, వంటకీ క్యాన్ తెప్పించుకోవాల్సిందే. కరెంటు పోతే జనరేటర్ లిఫ్టు వరకే, ఇళ్లలోకి రాదు. ఈ మాట బ్రోకర్ చెప్పడు, వాచ్‌మన్‌ని అడగండి. కార్తీకంలో పంచమి తీర్థం (తిరుచానూరు అమ్మవారి బ్రహ్మోత్సవాల చివరి రోజు పుణ్యస్నానం) రోజు జనం రద్దీకి కారు బయటికి తీసే ఆశ పెట్టుకోవద్దు. అద్దెకు మాత్రం న్యాయమే, ఇద్దరే ఉండేవాళ్లయితే తీసుకోవచ్చు. నైట్ షిఫ్టు ఉంటే రోడ్డు వైపు ఫ్లాట్ వద్దు, బస్సుల హారన్లకు పగలు కునుకు పట్టదు.