పీట మీద నుంచి లేవలేక జిమ్‌లో చేరాను: మా పెద్దవాళ్ళ బ్యాచ్ సంగతులు

కిందటి కార్తీకంలో ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. నేనూ మా ఆవిడా పీటల మీద కూర్చున్నాం. కథలన్నీ అయ్యేసరికి గంటన్నర పట్టింది. హారతికి లేవండి అన్నారు పంతులుగారు. మా ఆవిడ నేల మీద చెయ్యానించి లేచి నిలబడింది. నేను సగం దాకా లేచి మళ్ళీ పీట మీద కూలబడ్డాను. రెండోసారీ అంతే. ఆఖరికి పంతులుగారు ఒక రెక్కా, మా అల్లుడు ఒక రెక్కా పట్టుకుని లేపారు. వెనకాల నుంచి మా బావమరిది "బావగారికి హోల్డాన్ పడింది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకోండి.

వాడా మాట ఎందుకన్నాడంటే, నేను ఆర్టీసీలో ముప్పై ఒక్క ఏళ్ళు కండక్టరుగా చేశాను. విజయవాడ నుంచి నూజివీడు, గుడివాడ, బందరు రూట్లు. కిక్కిరిసిన బస్సులో ఒక చేతిలో టికెట్లు, ఇంకో చేతిలో చిల్లర, దేన్నీ పట్టుకోకుండా నిలబడి టికెట్లు కొట్టినవాణ్ణి. గుంటల్లో బస్సు ఎటు ఊగితే నడుం దానంతటదే అటు సర్దుకునేది. ఇప్పుడు ప్యాంటు వేసుకోవాలన్నా మంచం పట్టి పట్టుకోవాల్సి వస్తోందని అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

పోనీ కదలకుండా కూర్చునే రకమా అంటే అదీ కాదు. రిటైరయినప్పటి నుంచి ఏడేళ్ళుగా రోజూ పొద్దున్నే బీఆర్‌టీఎస్ రోడ్డు మీద గంటసేపు నడుస్తాను. షుగర్ లేదు, బీపీకి ఒక మాత్ర. నడిచేవాడికి ఏమవుతుందిలే అని ధీమా. నడక గుండెకి మంచిదే గానీ, నేల మీద నుంచి లేపే పని దానిది కాదని ఈ జిమ్‌కి వెళ్ళాకే తెలిసింది.

జిమ్ పేరు రాయడం లేదు. మంచీ చెడూ రెండూ రాస్తున్నాను, రేపు మళ్ళీ అక్కడికే వెళ్ళాలి కదా. మా పేటలోనే, ఒక మందుల షాపు పై అంతస్తులో ఉంది. పొద్దున కుర్రాళ్ళ హడావుడి అయిపోయాక, తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా పెద్దవాళ్ళ బ్యాచ్. సోమ, బుధ, శుక్రవారాలు. నెలకి పన్నెండు వందలు. నేను చేరతానన్నప్పుడు మా ఆవిడ, "ముప్పై ఏళ్ళు నిలబడే కదా జీతం తీసుకున్నారు, ఇప్పుడు ఎదురు డబ్బిచ్చి నిలబడ్డం నేర్చుకుంటారా?" అంది. నిజం చెప్పాలంటే అక్కడ నేర్పేది అదే.

చూసుకునే అమ్మాయి ఫిజియోథెరపీ చదివింది. మమ్మల్నందరినీ బాబాయ్ గారూ, పిన్నిగారూ అంటుంది. మొదటి రోజు ఒక్క బరువూ ఎత్తనివ్వలేదు. ఏం మాత్రలు వేసుకుంటున్నారు, ఏడాదిలో ఎప్పుడైనా పడ్డారా, ఛాతీలో ఎప్పుడైనా పట్టేసినట్టు ఉంటుందా అని ఒక్కొక్కటీ అడిగి రాసుకుంది. బీపీ చూసింది. మా డాక్టరు దగ్గర ఒక ముక్క రాయించుకు రమ్మంది. అప్పుడు గోడకి ఆనించిన కుర్చీలో కూర్చోబెట్టి, "చేతులు రెండూ గుండెల మీద పెట్టుకోండి బాబాయ్ గారూ. ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చుంటారో చూద్దాం" అంది.

చేతులతో ఊతం తీసుకోకూడదు. ఇదేం పరీక్ష అనుకుంటూ మొదలుపెట్టాను. నాలుగుకి తొడలు మండాయి. ఏడుకి ఊపిరి గట్టిగా వచ్చింది. తొమ్మిదితో టైము అయిపోయింది. అరవై అయిదు నుంచి అరవై తొమ్మిది మధ్య మగవాళ్ళకి పన్నెండు కంటే తక్కువ వస్తే కాళ్ళలో బలం తక్కువగా ఉన్నట్టూ, పడిపోయే ప్రమాదం ఉన్నట్టూ లెక్కట. ఒంటికాలి మీద నిలబడమంటే నాలుగు సెకన్లు. ఎడం కాలి మీద అదీ లేదు.

ఇంతకీ అక్కడ ఏం చేయిస్తారంటే, చూసేవాళ్ళకి నవ్వొచ్చే పనులే. కుర్చీలో లేచి కూర్చోవడం. గోడ పట్టుకుని మడమలు ఎత్తడం. గోడకి చేతులు ఆనించి దండీలు తీయడం. ఒక కాలి వేళ్ళ ముందు రెండో కాలి మడమ ఆనించి గీత మీద నడవడం. రబ్బరు పట్టీలు కిటికీ చువ్వకి కట్టి లాగడం. పసుపు పట్టీ తేలిక, తర్వాత ఎరుపు, ఆకుపచ్చ. కాళ్ళతో బల్లని తోసే మిషన్ ఒకటి ఉంది, దాని మీద మొదటి నెల పది కిలోలతో మొదలుపెట్టి ఇప్పుడు నలభైకి వచ్చాను. బరువు పెంచేది ఆ అమ్మాయే. పన్నెండు సార్లు తేలిగ్గా అయిపోతే రెండున్నర కిలోలు కలుపుతుంది. ఆఖరి రెండూ కష్టంగా ఉండాలి, కానీ మనిషి వంకర తిరగకూడదు. అదీ ఆమె లెక్క.

ఒక సంగతి మాత్రం అందరికీ చెప్పదగ్గది. బరువు ఎత్తేటప్పుడు మనకి తెలియకుండానే ఊపిరి బిగబడతాం. అప్పుడు బీపీ ఒక్కసారిగా పైకి పోతుంది. అందుకని ఆమె మా చేత లెక్క పైకి పెట్టిస్తుంది. నోరు మాట్లాడుతుంటే ఊపిరి బిగబట్టడం కుదరదు కదా. రెండో వారంలోనే ఆ డ్యూటీ నాకు పడింది. ఊళ్ళ పేర్లు అరిచిన గొంతు ఇంకా పోలేదు. నేను "ఒకటీ... రెండూ..." అంటుంటే పదకొండు మందీ అందుకుంటారు. సెట్టు అయిపోగానే ఎవరో ఒకరు "రైట్ రైట్" అంటారు. కింద మందుల షాపు వాళ్ళకి మొత్తం వినపడుతుందట.

నేల మీద నుంచి లేవడం ప్రత్యేకంగా నేర్పారు. నేను చేరింది దానికోసమే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఇన్నాళ్ళూ నేను చేసిన తప్పు, కూర్చున్న చోటి నుంచి తిన్నగా పైకి లేవాలని చూడటం. అలా కాదు. ముందు ఒక పక్కకి తిరగాలి. రెండు చేతులూ నేల మీద పెట్టి, పసిపిల్లాడు పాకేటట్టు మోకాళ్ళ మీదకి రావాలి. ఎదురుగా కుర్చీ ఉంటే దాన్ని పట్టుకోవాలి. బలంగా ఉన్న కాలు ముందుకు తెచ్చి పాదం పూర్తిగా నేలకి ఆనించాలి. ఆ మోకాలి మీద చెయ్యి వేసి నొక్కుతూ లేవాలి. లేవగానే నడవకుండా రెండు క్షణాలు ఆగాలి, తల తిరుగుతుందేమో చూసుకోవాలి. మొదటి నెల కుర్చీతో, మూడో నెలకి చిన్న స్టూలుతో, ఇప్పుడు ఏ ఆధారమూ లేకుండా లేస్తున్నాను. మోకాలి మీద చెయ్యి మాత్రం ఇంకా పడాల్సిందే. ఎడమ మోకాలు టక్కుమంటుంది. నొప్పి లేకపోతే చప్పుడు గురించి బెంగ వద్దంది ఆ అమ్మాయి.

మా బ్యాచ్‌లో ఎనభై ఒక్క ఏళ్ళ రిటైర్డ్ హెడ్మాస్టరు గారు ఉన్నారు. ఆయన కొడుకు ఒకరోజు వచ్చి, ఈ వయసులో నాన్నగారి చేత బరువులు ఎత్తిస్తారా అని గట్టిగానే మాట్లాడాడు. ఆ అమ్మాయి కోపం తెచ్చుకోలేదు. 1990లో అమెరికాలోని బోస్టన్‌లో వృద్ధాశ్రమంలో ఉండే తొంభై ఏళ్ళవాళ్ళ చేత ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులు ఎత్తించారనీ, పూర్తి చేసిన తొమ్మిది మందిలో కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగిందనీ చెప్పింది. కొడుకు ఫోన్‌లో వెతుక్కుని చూసుకున్నాడు. హెడ్మాస్టరు గారు మాత్రం, "వాడికి నేను పడిపోతానని భయం. నేను పడకుండా ఉండటానికే వస్తున్నానని వాడికి ఎక్కదు" అన్నారు.

ఇంకో మాట. మా అబ్బాయి చేతికి ఒక వాచీ కొనిపెట్టాడు, రోజుకి పదివేల అడుగులు వేయకపోతే అది ఊరుకోదు. రాత్రి భోజనమయ్యాక హాల్లో అటూ ఇటూ తిరిగి లెక్క పూర్తి చేసేవాణ్ణి. ఆ పదివేలు ఏ డాక్టరూ పెట్టిన లెక్క కాదట. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్మకానికి పెట్టి, దాని పేరే పదివేల అడుగుల మీటరు అని వచ్చేలా పెట్టుకున్నారట. 2019లో సగటున డెబ్భై రెండేళ్ళ అమెరికా ఆడవాళ్ళ మీద చేసిన పరిశీలనలో, రోజుకి నాలుగువేల నాలుగొందల అడుగుల దగ్గరే మేలు కనిపించింది, ఏడున్నర వేలు దాటాక అదనంగా పెద్దగా ఏమీ లేదు. ఇది విన్న రోజు నుంచి హాల్లో తిరగడం మానేశాను. మా ఆవిడ సీరియల్‌కి అడ్డం తగలడం కూడా తప్పింది. ఉదయం నడక మాత్రం మానలేదు. అరవై అయిదు దాటినవాళ్ళు వారానికి కనీసం నూట యాభై నిమిషాల నడకలాంటివాటితో పాటు, వారానికి మూడు రోజులైనా బలానికీ బ్యాలెన్స్‌కీ పనికొచ్చేవి చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కాగితం జిమ్ గోడ మీద అంటించి ఉంది. ఇంగ్లీషులో ఉంది. తెలుగులో పెట్టమని రెండుసార్లు చెప్పాను, ఇంకా పెట్టలేదు.

ఇక చెడ్డ సంగతులు. మొదటిది మెట్లు. మోకాళ్ళు నొప్పులున్నవాళ్ళకి పెట్టిన బ్యాచ్‌కి వెళ్ళాలంటే పద్దెనిమిది మెట్లు ఎక్కాలి. ఒకవైపే రెయిలింగు, అదీ ఊగుతుంది. లిఫ్టు లేదు. ఎక్కడం కంటే దిగడం కష్టం, ముఖ్యంగా కాళ్ళు అలిసిపోయాక. మా ఆవిడని తీసుకెళ్దామంటే ఆమె మెట్లు చూసి కిందనే ఆగిపోయింది. ఆమె లాంటివాళ్ళకే కదా ముందు కావాల్సింది.

రెండోది ఎండాకాలం. కుర్రాళ్ళ టైములో ఏసీ తిరుగుతుంది, మా టైముకి ఆపేస్తారు. బెజవాడలో మే నెలలో పొద్దున తొమ్మిదిన్నర అంటే ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. రోహిణి కార్తెలో ఒక పెద్దావిడకి కళ్ళు తిరిగి కూర్చుండిపోయారు. ఆ తర్వాతే ఏసీ వేశారు. అదీ రెండు వారాలు. టైము ఏడింటికి మార్చమంటే ఓనరు ఒప్పుకోలేదు, కుర్రాళ్ళ ఫీజు ఎక్కువ మరి.

మూడోది పాటలు. ఆ అమ్మాయి ఉన్నప్పుడు సౌండు తగ్గిస్తుంది. ఆమె సెలవు పెట్టిన రోజు వచ్చే కుర్రాడు చెవులు పగిలేలా పెడతాడు. వాడికి మా పేర్లు తెలియవు, ఎవరికి ఏ నొప్పి ఉందో తెలియదు, "కమాన్ అంకుల్" అంటాడు. ఆ రోజుల్లో నేను పట్టీలు లాగి, గీత మీద నడిచి ఇంటికొచ్చేస్తాను, మిషన్ జోలికి పోను.

ప్రొటీన్ పొడి అమ్మకం నాకు అసలు నచ్చలేదు. కౌంటర్ దగ్గర డబ్బాలు పేర్చి, ఈ వయసులో ఇది లేకపోతే కండ పట్టదని మూడు వేల డబ్బా అంటగట్టబోయారు. ఆ అమ్మాయి కాదు, ఓనరు. మా డాక్టరుని అడిగాను. కిడ్నీ పరీక్ష ఒకటి రాసి, అది బాగుందని చూశాక, ముందు తిండి సంగతి చూసుకోమన్నారు. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రొటీన్. నా అరవై నాలుగు కిలోలకి యాభై మూడు గ్రాములు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం ఇంత అన్నంలో గరిటెడు పప్పు, రాత్రి మజ్జిగన్నం తినే మనిషికి అందులో సగమైనా పడేది కాదు. ఇప్పుడు రోజూ రెండు కోడిగుడ్లు, అంటే పన్నెండు గ్రాములు. పొద్దున ఇడ్లీ మానేసి పెసరట్టు. పప్పు గరిటెడు నుంచి గిన్నెడు అయింది. శనివారం గుడ్డు తినను, ఆ రోజు శనగలు.

డబ్బు విషయం. చేరేటప్పుడు మూడు నెలలది ఒకేసారి కట్టమన్నారు, మధ్యలో మానేస్తే తిరిగివ్వరు. సంక్రాంతికి అమ్మాయి వాళ్ళ ఊరెళ్ళి పది రోజులు రాలేదు, ఆ రోజులు కలపమంటే రూల్ లేదన్నారు. అరవై దాటినవాళ్ళకి మా ఆర్టీసీయే టికెట్ మీద పాతిక శాతం తగ్గిస్తుంది, మీరు పెద్దవాళ్ళ బ్యాచ్ అని బోర్డు పెట్టి ఒక్క రూపాయి తగ్గించరా అని అడిగాను. ఓనరు నవ్వాడు.

ఇన్ని చెప్పినా మానలేదు, ఏడో నెల నడుస్తోంది. కిందటి వారం మళ్ళీ కుర్చీ పరీక్ష పెట్టారు, పద్నాలుగు వచ్చాయి. ఒంటికాలి మీద కుడివైపు పదిహేను సెకన్లు, ఎడంవైపు తొమ్మిది. ప్యాంటు నిలబడే వేసుకుంటున్నాను, మంచం పట్టీకి మాత్రం చెయ్యి అందేంత దూరంలోనే నిలబడుతున్నాను. అయిదుకి మూడున్నర నక్షత్రాలు ఇస్తున్నాను. మూడు ఆ అమ్మాయికి, అర మిగతావన్నిటికీ. ఆమె మానేసిన రోజు ఈ రివ్యూ చెల్లదు. చేరేవాళ్ళు ముందు ఆమె ఉందో లేదో కనుక్కోండి, మెట్లు ఒకసారి ఎక్కి దిగి చూసుకోండి, మీ డాక్టరుతో మాట్లాడండి.

రెయిలింగుకి నిన్న వెల్డింగ్ చేయించారు. మా ఆవిడ శుక్రవారం వచ్చి చూస్తానంది. ఈ నెల ఫీజు కట్టాను. మూడు నెలలది అడిగారు, ఒక నెలకే ఇచ్చి రసీదు తీసుకున్నాను.