నల్లగొండలో మా వీధి పాడి: నాలుగు బర్రెల దాకా మెచ్చుకోదగినది, ఆరింటికి ఆ స్థలం చాలదు

నల్లగొండ పట్టణం పానగల్లు వైపు పెరుగుతూ పోయిన కాలనీలలో మాది ఒకటి. మా వీధిలో ఒక కుటుంబం సొంత ఇంటి ఆవరణలోనే కొట్టం వేసుకుని, నాలుగు బర్రెలను పెంచుతూ పాలు పోస్తోంది. చాలా కాలంగా మా ఇంట్లో ఆ పాలే వాడుతున్నాం. ఈ మధ్య ఆ కుటుంబం మరో రెండు బర్రెలను తేవాలనుకుని, బేరం కుదుర్చుకోకముందే చుట్టుపక్కల ఇళ్లవారిని పిలిచి అభిప్రాయం అడిగింది. అందువల్ల ఈ సమీక్షలో పాల నాణ్యత గురించి ఎంత రాయాలో, ఆ స్థలం గురించీ, ఇరుగుపొరుగు చెప్పిన మాటల గురించీ అంతకంటే కొంచెం ఎక్కువే రాయవలసి ఉంది.

ముందుగా పాల సంగతి. ఉదయం ఐదున్నరకు, సాయంత్రం ఐదింటికి మన కళ్ల ముందే పిండుతారు. దుడ్డెను వదిలి, బర్రె చేపిన తర్వాతే కూర్చుంటారు. పొదుగును గోరువెచ్చని నీళ్లతో కడిగి, పొడి గుడ్డతో తుడిచి, ఒక్కొక్క చన్ను నుంచి మొదటి రెండు మూడు ధారలను విడిగా చిన్న గిన్నెలోకి తీసి చూస్తారు. ఆ ధారల్లో తరకలు గాని, నెత్తుటి చార గాని కనిపిస్తే పొదుగువాపు మొదలైనట్లు లెక్క. ఆ బర్రెకు నయమయ్యే దాకా దాని పాలు ఎవరి గిన్నెలోకీ రావు. కొలిచేటప్పుడు నురుగు అణిగే దాకా ఆగి పోయడం ఆ ఇల్లాలి అలవాటు. లీటరుకు 90 రూపాయలు తీసుకుంటున్నారు. ప్యాకెట్లలో దొరికే టోన్డ్ పాలలో వెన్న 3 శాతం, ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం ఉండాలన్నది నిబంధన. బర్రె పాలలో సహజంగానే 6 నుంచి 8 శాతం వరకు ఉంటుంది కనుక, నీళ్లు కలపని పాలకు ఈ ధర న్యాయమైనదేనని నా అభిప్రాయం. పాల కోసం పశువు ఆరోగ్యానికి చేటు తెచ్చే సూదులు వేయడాన్ని 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలోని 12వ సెక్షన్ నేరంగా పరిగణిస్తుంది. ఈ ఇంట్లో అటువంటి సూది నేనెప్పుడూ చూడలేదు. అయితే ఎంత నమ్మకమైన చోట తెచ్చుకున్నా ఇవి పచ్చి పాలే. బ్రుసెల్లోసిస్, క్షయ వంటి జబ్బులు పచ్చి పాల ద్వారా మనుషులకు సోకగలవు కనుక, తెచ్చిన వెంటనే పొంగు వచ్చే దాకా కాచిన తర్వాతే వాడాలి.

లోపమల్లా ఎండాకాలపు కొరత. బర్రెలు ఎక్కువగా వానాకాలం చివర, చలికాలంలో ఈనుతాయి; ఎండలు ముదిరే నాటికి కొన్ని వట్టిపోతాయి, మిగిలినవి పాలు తగ్గిస్తాయి. ఆ నెలల్లో లీటరు పోయించుకునే ఇంటికి అర లీటరే దొరుకుతుంది. బయటి పాలు తెచ్చి కలపడానికి వీరు ఒప్పుకోరు కనుక కొందరు ఖాతాదారులు విసుగు చెంది ప్యాకెట్లకు మళ్లారు. మరో రెండు బర్రెలను తేవాలన్న ఆలోచన పుట్టింది ఇందుకే. అందులో అత్యాశ ఏమీ లేదు.

ఇక స్థలం. మొత్తం 300 గజాల జాగా. అందులో ఇల్లు, నడక దారి, వరిగడ్డి వాము, దాణా గది, పెండ గుంత పోగా బర్రెలకు మిగిలేది సుమారు 80 గజాలు. భారతీయ ప్రమాణాల ప్రకారం ఒక్కొక్క బర్రెకు కప్పు కింద 4 చదరపు మీటర్లు, ఆరుబయట తిరగడానికి 8 చదరపు మీటర్లు కావాలి. రెండూ కలిపితే 14 గజాలకు కొంచెం ఎక్కువ అవుతుంది. నాలుగింటికి 57 గజాలు చాలు. ఆరింటికైతే 86 గజాలు పడతాయి. దుడ్డెల చోటు ఈ లెక్కలో లేదు. పెద్ద బర్రె రోజుకు 15 కిలోలకు తగ్గకుండా పెండ వేస్తుంది కాబట్టి, ఇప్పుడు 60 కిలోలుగా ఉన్నది 90 కిలోలవుతుంది. తాగడానికీ కడగడానికీ పట్టే నీళ్లు, ఆ నీళ్లన్నీ చేరే మోరీ మీద భారం కూడా అదే లెక్కన పెరుగుతాయి.

ఈ నాలుగు బర్రెల విషయంలో వారు పాటిస్తున్న శుభ్రతను మెచ్చుకోకుండా ఉండలేను. పెండను పారతో ఎత్తి గుంతలో వేసిన తర్వాతే నేల కడుగుతారు గాని, చాలాచోట్ల చేసినట్లు పైపు పెట్టి మోరీలోకి తోయరు. బర్రెల వెనుక వాలుగా కట్టిన కాలువలో మూత్రం విడిగా పారిపోతుంది. కొట్టాలలో ముక్కుపుటాలను మండించే ఘాటు వాసన, మూత్రంలోని యూరియా పెండతో కలిసి అమోనియాగా మారడం వల్లనే పుడుతుంది. ఆ రెండింటినీ వేరుగా ఉంచితే సగం బాధ తీరుతుంది. వారానికి రెండుసార్లు ట్రాలీ వచ్చి ఎరువును బత్తాయి తోటలకు తీసుకువెళ్తుంది. వెచ్చని వాతావరణంలో ఈగ గుడ్డు పెద్ద ఈగ కావడానికి వారం, పది రోజులు పడుతుంది కనుక, అంతకు ముందే పెండ తరలిపోతే ఈగలు పెరగవు. ఒకసారి పండుగ రోజుల్లో ట్రాలీ రాక ఆలస్యమైతే వీధంతా ఈగలతో నిండిపోయింది. ఏర్పాటంతా ఆ ట్రాలీ మీదే ఎంతగా ఆధారపడి ఉందో అప్పుడే అందరికీ తెలిసింది.

సమావేశం వారి వాకిట్లోనే జరిగింది. కొట్టం గోడ వైపు పడకగది కిటికీ ఉన్న విశ్రాంత ఉపాధ్యాయుడు ముందుగా మాట్లాడారు. “అమ్మా, మీ పాలు తాగుకుంటనే ఈ మాట అంటున్న. నాలుగింటికి అలవాటు పడ్డం. వానకాలంల మాత్రం కిటికీ తెరవలేకపోతున్న. ఇంకో రెండొస్తే నేనెక్కడికి పోవాలె?” అన్నారు. ఆ ఇల్లాలు నొచ్చుకోలేదు. “మీరు చెప్పకుంటే మాకెట్ల తెలుస్తది సార్, అందుకే గదా పిలిచింది” అన్నది. ఉబ్బసం ఉన్న పిల్లవాడి తల్లి, పెండ వాసన కంటే గడ్డి దులిపేటప్పుడు లేచే దుమ్ముతోనే తమకు ఇబ్బంది అని చెప్పింది. తడిపి వేస్తామని ఇంటాయన అక్కడికక్కడే మాట ఇచ్చాడు. పై అంతస్తు కిరాయికి ఇచ్చుకునే ఒకాయన, బర్రెలను చూసి కిరాయిదారులు వెనక్కి పోతున్నారన్నాడు. మిద్దె మీద కూరగాయలు పెంచే ఒకామె, వాకిట్లో సాన్పి చల్లడానికీ మొక్కలకూ పెండ ఇక్కడే దొరుకుతోందని చెప్పి, ఆరు ఉంటే తప్పేమిటని గట్టిగా వాదించింది.

నా మనసును మార్చిన మాట మాత్రం, దేవరకొండ వైపు పల్లెలో బర్రెలు కాసి పెద్దవాడైన ఒక తాతది. ఆయన మనుషుల ఇబ్బంది ఊసే ఎత్తలేదు. “బర్రెకు నీళ్లు కావాలె, నీడ కావాలె, జర నడక కావాలె. ఆరింటిని ఈడ గుంజలకు కట్టేస్తే పాలియ్యవు బిడ్డా, రోగాలిస్తయి” అన్నాడు. ఆవుతో పోలిస్తే బర్రెకు చెమట గ్రంథులు తక్కువ, తోలు నల్లన. అందుకే చెరువులో గాని బురదలో గాని పడుకుని ఒళ్లు చల్లబరుచుకోవాలని చూస్తుంది. నల్లగొండ ఎండలో ఆ వీలు లేని బర్రెను రోజుకు రెండు మూడుసార్లయినా తడపాలి. ఇప్పుడు నాలుగింటికి ఆ పని ఓపికగా చేస్తున్నారు. మరో రెండు వస్తే చోటు ఇరుకై, పొదుగు ఆనే నేల తడిగా ఉండిపోయి, పొదుగువాపు పెరిగి, మనం ఇంతగా మెచ్చుకుంటున్న పాలకే ఎసరు వస్తుంది. ఉపాధ్యాయుడి కిటికీకి, నా పాలగిన్నెకు హాని చేసేది ఒకే కారణమని ఆ రోజు నాకు స్పష్టంగా అర్థమైంది.

మా వీధిలోని వకీలు ఒకరు చట్టం ప్రస్తావన తెచ్చారు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 270వ సెక్షన్ ప్రజలకు కలిగే ఉపద్రవాన్ని నిర్వచిస్తుంది. అటువంటిదాన్ని తొలగించమని ఉత్తర్వు ఇచ్చే అధికారం, నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద జిల్లా మేజిస్ట్రేటుకు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు ఉంది. తెలుసుకోవలసిన విషయమే, కానీ అడగకముందే పొరుగువారిని పిలిచి అడిగిన కుటుంబం మీద అర్జీ పెట్టడం అన్యాయమని నేను అక్కడే చెప్పాను.

మా సూచన ఇది. కొత్త బర్రెలను కనగల్ వైపు వారికున్న చెలక దగ్గర పెట్టి, అక్కడే పిండి, మూత ఉన్న స్టీలు క్యానులో బండి మీద ఇక్కడికి తెచ్చి పోయాలి. ఇక్కడి నాలుగింటి పెండతో గోబర్ గ్యాస్ పెట్టుకోవచ్చు. 2 ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు సుమారు 50 కిలోల పెండ చాలు కనుక, ఉన్న 60 కిలోలు దానికి సరిపోతాయి. కుటుంబం కొనుగోలును ప్రస్తుతానికి ఆపుకుంది. చెలక దగ్గర కాపలా ఎవరుండాలన్నదే తేలాల్సి ఉంది.

ఐదింటికి నాలుగున్నర మార్కులు ఇస్తాను. ఆ తగ్గిన అర ఎండాకాలపు కొరతకు. కొత్తగా పాలు పోయించుకోవాలనుకునేవారు సంక్రాంతి లోపు అడిగితే ఖాతా దొరకవచ్చు, ఎండలు మొదలయ్యాక కష్టం. మూత ఉన్న గిన్నె మీరే తీసుకువెళ్లండి. జున్నుపాలు కావాలంటే ఈనబోయే నెల ముందే చెప్పి ఉంచాలి. దుడ్డె కడుపు నిండిన తర్వాత మిగిలితేనే ఇస్తారు.