పోచంపల్లి అని కొన్నాను, పోగు లాగితే తేలింది

చేనేత మేళాకు పోయి ప్రింటు చీర కొనుక్కొచ్చిన దాన్ని నేను. ఇదంతా ఆ కడుపుమంటతోనే రాస్తున్నానని ముందే చెప్తున్నా.

శనివారం పొద్దున్నే మహబూబ్‌నగర్ నుంచి కారులో బయల్దేరాం. నేను, మా ఆయన, అత్తమ్మ, వదిన. జడ్చర్ల, కల్వకుర్తి, మల్లేపల్లి మీదుగా నల్లగొండ. రానూపోనూ డీజిల్ 2,400. పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం చూశాం, పగలంతా కదలని ఆ నీడకు అత్తమ్మ రెండుసార్లు దండం పెట్టుకుంది. అంతవరకూ అందరం హుషారుగానే ఉన్నాం.

మేళా ఏటా చలికాలంలో ఒక మ్యూజియం ఆవరణలో, చెట్ల కింద పెడతారు. ఏ మ్యూజియమో చెప్పను, నా గొడవ ఒక్క స్టాల్‌తోనే. టికెట్ మనిషికి 30, పార్కింగ్ 50. ఎండ తగలదు, దుమ్ము మాత్రం తప్పదు. చేర్యాల బొమ్మలు, పెంబర్తి ఇత్తడి, నిర్మల్ కొయ్యబొమ్మలు అన్నీ ఉన్నాయి. గద్వాల చీరల దగ్గర ఆగుదామంటే అత్తమ్మ ఒప్పుకోలేదు. "ఇంటి పక్కన దొరికేటివి ఇంత దూరమొచ్చి కొంటరా?" అంది. ఆ మాట విని ముందుకు నడవడమే నేను చేసిన తప్పు.

నాలుగడుగులు వేస్తే "పోచంపల్లి ఇక్కత్, మేళా ధర" అని బోర్డు. నీలం మీద తెల్ల డైమండ్లు, అంచు ఎరుపు. 3,500 చెప్పి 2,600కు దిగాడు. వదిన 2,000 అడగమని మోచేత్తో పొడుస్తూనే ఉంది. నేను పెద్దమనిషిలా ఫోన్ తీసి స్కాన్ చేశాను. బిల్లు అడిగితే చిన్న చీటీ మీద అంకె రాసిచ్చాడు.

చివరి వరుసలో పుట్టపాక అనే నేతగాళ్ల ఊరి నుంచి వచ్చిన ఒకావిడ ఆసు పోస్తోంది, అంటే నేతకు ముందు పోగులు చుట్టి సిద్ధం చేస్తోంది. అర్ధచంద్రాకారపు చట్రానికి మేకులు, వాటి మీదుగా చేయి అటూ ఇటూ ఆగకుండా ఆడుతుంది. ఒక్క చీరకు ఇలా వేల సార్లు. వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేశాడు, 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఆ కథ తెలుసు గానీ చేయి ఆడటం దగ్గర నుంచి చూడటం ఇదే మొదటిసారి. పక్కన వాళ్లాయన పోగుల కట్టకు రబ్బరు పీలికలు బిగించి కడుతున్నాడు. కట్టిన చోట రంగు ఎక్కదు. ముందు పోగుకు రంగు, తర్వాతే నేత. ఇక్కత్ అంటే ఇదే.

ఆవిడ నా కవరు చూసి "ఎంతకు తీసుకున్నవ్ బిడ్డా?" అంది. చెప్పాను. చీర తిప్పి చూసింది, ఏమీ అనలేదు. కొంగు చివర ఒక పోగు గోటితో లాగి నా అరచేతిలో పెట్టింది. నీలం, మధ్యమధ్య సన్నటి తెల్ల చుక్కలు. పోగు మీద పోగు కూర్చున్న చోట అచ్చు రంగు అందలేదు, అంటే నేసిన గుడ్డ మీద బొమ్మ అచ్చేశారు. తన గుడ్డలోంచి ఇంకో పోగు లాగింది. ఒక జానెడు ముదురు ఎరుపు, తర్వాత తెలుపు, మళ్లీ ఎరుపు, చుక్క అన్నది లేదు. నా చీర డైమండ్లకు గీత గీసినట్టు అంచులు, ఆమెవాటికి పక్షి ఈక చివరలా చెదిరిన అంచులు. తిప్పితే నా చీర వెనకవైపు వెలవెలబోతోంది.

మా ఆయన, వదిన గొడవకు పోయారు. "కొలతేసి ఇచ్చిన చీర వాపసు తీసుకోం" అన్నాడు స్టాల్ వాడు. ఏం కొలతో! నిర్వాహకుల టేబుల్ దగ్గర కుర్రాడు సాయంత్రం రమ్మన్నాడు, సాయంత్రం టేబులే లేదు.

ఇంత టెన్షన్‌లోనూ భోజనం మాత్రం బ్రహ్మాండం. మహిళా సంఘం వాళ్ల స్టాల్‌లో రెండు జొన్నరొట్టెలు, వంకాయ కూర, పచ్చిపులుసు కలిపి 80. పెనం మీద నుంచి పళ్లెంలోకి. అత్తమ్మ మూడో రొట్టె అడిగింది, దానికి డబ్బులు తీసుకోలేదు. రాత్రి లాడ్జి సంగతికొస్తే ఏసీ గది 1,800, అదనపు పరుపు 300, గీజర్ బొమ్మకే. పొద్దున బకెట్ వేడినీళ్లకు 40 అడిగారు. రాత్రి ఉండకుండా తిరిగొచ్చేయడమే మేలు.

పోయేవాళ్లు శనివారం మధ్యాహ్నం పోవద్దు, జనంలో చీర విప్పి చూడనివ్వరు. పొద్దున్నే పోండి. చేతిమగ్గం మీద నేసిందని చెప్పే హ్యాండ్లూమ్ మార్క్ చీటీ చూడండి, బిల్లు ఇవ్వనంటే వెనక్కి రండి. ఎవరైనా మగ్గం పెట్టుకుని కూర్చుంటే ముందు అక్కడికే పోండి.

నేను ఆ పుట్టపాక ఆవిడ దగ్గర తేలియా రుమాల్ అనే ఇక్కత్ రకం దుపట్టా 3,800కు తీసుకున్నాను. ఎరుపు, నలుపు, తెలుపు, ఆ మూడే రంగులు. పుట్టపాక తేలియాకు 2020లో జీఐ, అంటే ఆ ఊరి సొంత సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆముదం కాయల బూడిద, నూనె కలిపిన నీళ్లలో నూలును రోజుల తరబడి పిసికి ఆరబెడతారట. బేరమాడలేదు. వదిన కూడా ఈసారి పొడవలేదు. దారి పొడవునా కారంతా నూనె వాసన, మా ఆయన అద్దం దించబోతే అత్తమ్మ వద్దంది.

ప్రింటు చీర అత్తమ్మే తీసుకుంది. మెత్తగా ఉందట, వారానికి రెండుసార్లు కడుతోంది. పక్కింటావిడ "పోచంపల్లా?" అని అడిగితే నా వైపు చూసి "అవును" అంటోంది.