లేఅవుట్ పార్క్ ప్లానింగ్‌కి వీఆర్ హెడ్‌సెట్: ఏడాది పైన వాడాక నా రివ్యూ

బెంగళూరు మారతహళ్లి వైపు మా లేఅవుట్‌లో ఖాళీగా పడున్న జాగాని పార్క్ చేద్దామని అసోసియేషన్ తరఫున మెటా కంపెనీ క్వెస్ట్ 3 వీఆర్ హెడ్‌సెట్ తీసుకున్నాం, ఏడాది పైనే అయింది. కళ్లకి కట్టుకుంటే, కంప్యూటర్‌లో చేయించిన పార్క్ 3డీ మోడల్ మధ్యలో మనమే నిలబడ్డట్టు కనపడుద్ది. ముందే చెప్పేస్తా, తీసుకోండి, కానీ అందులో కనపడే చెట్లని మాత్రం అలాగే నమ్మేయకండి.

కాగితం మీద ప్లాన్ చూపిస్తే మీటింగ్‌లో మాట్లాడేది ఇద్దరు ముగ్గురే, మిగతావాళ్లు బాగుందండి అనేసి లేచిపోతారు. ఇక్కడ అలా కాదు. మనవడి కోసం నెల్లూరు నుంచి వచ్చి ఉంటున్న ఒక పెద్దమ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టి హెడ్‌సెట్ పెట్టాం, ఆవిడ పార్క్ బెంచీ మీదున్నట్టు కాసేపు అటూ ఇటూ చూసి, చెయ్యి ముందుకి చాపి "ఈ పొదలు అడ్డమొస్తే ఉయ్యాల కాడ పిల్లోడు నాకెట్టా కనపడతాడయ్యా" అన్నారు. డ్రాయింగ్‌లో అది నాలుగడుగుల హెడ్జ్ అని ఒక గీత, అన్ని మీటింగుల్లో ఒక్కరికీ తట్టలేదు. మోకాలెత్తుకి దించేశాం.

నాకు బాగా పనికొచ్చింది ఎండ. మోడల్‌కి ఊరు, తేదీ, టైమ్ ఇస్తే నీడ ఎటు పడుద్దో చూపిస్తుంది. బెంగళూరులో ఏప్రిల్ 24 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, అప్పట్నుంచి ఆగస్టు 18 దాకా మధ్యాహ్నాలు కాస్త ఉత్తరం వైపే ఉంటాడు, అందుకని డిసెంబర్‌లో గోడ నీడన చల్లగా ఉన్న బెంచీ మే నెలలో పూర్తిగా ఎండలో పడింది, బెంచీ జాగా మార్చాం.

మోడల్ లోపల జాయ్‌స్టిక్‌తో నడిస్తే పెద్దవాళ్లకి తల తిరుగుద్ది, టెలిపోర్ట్ (చూపించిన చోటికి ఒక్కసారే దూకడం) పెట్టండి, హెడ్‌సెట్‌లో కనపడేది టీవీకి క్యాస్ట్ చేస్తే అందరూ చూస్తారు. ఎండలో వాడొద్దు, లెన్స్ మీద ఎండ పడితే లోపల స్క్రీన్ కాలుద్ది. కుర్రాళ్లు పార్క్‌ని వాళ్లే కట్టి చూడాలంటే దిమ్మెలు పేర్చి కట్టే వీడియో గేమ్ మైన్‌క్రాఫ్ట్ నయం, ఐక్యరాజ్యసమితిలో ఊళ్ల ప్లానింగ్ చూసే యూఎన్-హ్యాబిటాట్ 2012లో బ్లాక్ బై బ్లాక్ పేరుతో అదే మొదలుపెట్టింది.

ఇక చెట్లు. మాకు మోడల్ చేసిచ్చినవాళ్లు అన్నీ బాగా ఎదిగిన చెట్లే పెట్టారు, అందరూ ఆ నీడ చూసి మురిసిపోయారు, నాటేదేమో నడుం ఎత్తు కానుగ మొక్క! నాటిన రోజు, ఐదేళ్లకి, ఇరవై ఏళ్లకి అని మూడు మోడళ్లు పట్టుబట్టి చేయించుకోండి. మాకు మొదటిది చూశాకే ఉయ్యాలల మీద షెడ్ కావాలని తల్లులు అడిగారు. నేరేడు పళ్లు రాలి దారంతా మరకలవడం, వానకి మూలన నీళ్లు నిలవడం, పక్క డ్రైనేజీ వాసన, ఇవేవీ అందులో ఉండవు, వాన పడ్డ మర్నాడు జనాన్ని వెంటబెట్టుకుని సైట్‌కి వెళ్లాల్సిందే.