పాత హార్నెట్ సస్పెన్షన్ మార్పిస్తున్నారా? కారు పంపేముందు ఇది చదవండి

పాత ఆర్సీ కారుకి, అంటే రిమోట్‌తో నడిచే బొమ్మ కారుకి, అల్యూమినియం ఆయిల్ షాక్‌లు (కుదుపుని ఆపే నూనె గొట్టాలు) బిగించి ఇస్తామని ఎవరైనా అంటే, కారు గడప దాటించకముందే ఒక్క మాట అడగండి. "ఛాసిస్‌కి కొత్తగా కన్నం పెడతారా?" నేను అడగలేదు. 14,000 రూపాయలు పోయాయి, అదైనా ఎలాగో సర్దుకున్నాను. డబ్బుతో తిరిగిరానిది ఇంకోటి పోయింది, దాని గురించే ఈ రాత.

కారు జపాన్ కంపెనీ టామియా వారి హార్నెట్. మా బాబాయి 1987లో మస్కట్ నుంచి సెలవుకి వస్తూ తెచ్చుకున్నారు. 1984లో వచ్చిన మోడల్, కిట్ నంబరు 58045. టామియా దీన్నే 2004లో మళ్లీ విడుదల చేసింది, దాని నంబరు 58336. ఈ రెండు నంబర్లూ గుర్తుంచుకోండి, కింద పనికొస్తాయి. ఏలూరులో మా మేడ మీద సాయంత్రం పూట బాబాయి దాన్ని నడిపేవారు, పిల్లలం వెనకాల పరిగెత్తేవాళ్లం. రిమోట్ మాత్రం ఒక్కసారి కూడా చేతికి ఇవ్వలేదు. ఆయన పోయాక పిన్ని అట్టపెట్టెతో సహా తెచ్చి నాకిచ్చింది.

హార్నెట్ నడిపినవాళ్లకి తెలుసు, అది పరిగెత్తడం కన్నా గెంతడమే ఎక్కువ. ముందు చక్రాలకి నూనె షాక్‌లే ఉండవు. సన్నటి రాడ్డు, దాని చుట్టూ స్ప్రింగు, అంతే. రాడ్డు ఛాసిస్ ముక్కు దగ్గర కన్నంలో పైకీ కిందికీ జారుతుంది. స్ప్రింగు నొక్కుకుని తిరిగి లేస్తే దాన్ని పట్టి ఆపేది ఏదీ లేదు. వెనక నూనె షాక్‌లు ఉన్నాయి గానీ అక్కడ గేర్‌బాక్సు, మోటారు, ఇరుసు అన్నీ ఒకే ముద్దగా లేచి పడతాయి. 540 సైజు మోటారు బరువంతా చక్రాలతోపాటే ఊగుతుంది. ఒక చక్రం రాయెక్కితే రెండోది కూడా పక్కకి ఒరుగుతుంది. ఇప్పుడైతే అదే దాని నడక అనిపిస్తోంది. అప్పుడు మాత్రం ఇంటర్నెట్‌లో నాలుగు వీడియోలు చూసి, దీన్ని ఈ కాలపు ఆర్సీ బగ్గీలా మెత్తగా నడిపించాలని పురుగు దొలిచింది.

పని చేసే మనిషి వేరే రాష్ట్రంలో ఉంటాడు. పేరు రాయను, ఊరు కూడా రాయను. ఆయన పెట్టే ఫోటోలు చూస్తే ఎవరైనా పడిపోతారు: నీలం రంగు షాక్‌లు, తళతళలాడే బంగారు రంగు స్ప్రింగులు. ఫోన్‌లో మాటలు కూడా అలాగే మెరిశాయి. "సార్, ఒరిజినల్ పార్టులకి ఏమీ కాదు. బోల్టు విప్పడం, బోల్టు బిగించడం. మీకు నచ్చకపోతే మళ్లీ పాతవి పెట్టేసుకోండి, అవి కవర్లో వేసి పంపిస్తాను." ముందు 9,000, పంపేముందు 5,000. రెండు వారాలన్న పని పదకొండు వారాలు పట్టింది. ఎప్పుడు ఫోన్ చేసినా షాక్‌లు కస్టమ్స్‌లోనే ఉండేవి. కారు వీడియో కూడా చూడకుండా మిగతా 5,000 ఎందుకు కొట్టావని మా ఆవిడ అడిగింది. నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

పార్సిల్ విప్పగానే మొదట కంటపడింది స్క్రూలు. అన్నింటి తలలూ నలిగిపోయి ఉన్నాయి. టామియా స్క్రూలు జపాన్ పద్ధతివి, వాటిని జేఐఎస్ అంటారు. చూడ్డానికి మన మామూలు ప్లస్ స్క్రూలాగే ఉంటాయి గానీ, మామూలు స్టార్ స్క్రూడ్రైవరు పెట్టి గట్టిగా తిప్పితే జారి తల తినేస్తుంది. ఈయన దానికి కరెంటు డ్రిల్లు పెట్టి బిగించినట్టున్నాడు. ముప్పై ఏళ్లు దాటిన ప్లాస్టిక్‌లో స్క్రూ బిగించాలంటే ముందు దాన్ని వెనక్కి, అంటే విప్పే వైపుకి, నెమ్మదిగా తిప్పాలి. చిన్నగా టక్‌మని పాత మరలో పడుతుంది. అది చేతికి తెలుస్తుంది. అప్పుడు మాత్రమే ముందుకి తిప్పాలి. లేకపోతే స్క్రూ తన దారి తాను కోసుకుంటుంది, రెండోసారి విప్పితే ఇక పట్టుండదు. నా కారులో నాలుగు చోట్ల పట్టు పోయింది.

తర్వాత ముక్కు చూశాను. అల్యూమినియం ప్లేటు కూర్చోవడానికి ఛాసిస్‌కి రెండు కొత్త కన్నాలు పెట్టాడు. ఒకటి అంచుకి మరీ దగ్గరగా పడి, అక్కణ్నుంచి గోరంత పొడవు పగులు. ప్లేటు తీసి దీపం ముందు పెడితే పగులు తెల్లటి గీతలా కనిపించింది. ఇది నా కంటికి తగిలిన దెబ్బ. బాడీకి గీత పడితే పాలిష్ చేసుకుంటాం, స్టిక్కర్ పోతే కొత్తది వేసుకుంటాం. 1984 నాటి ఛాసిస్‌కి పెట్టిన కన్నాన్ని ఏం చేస్తాం?

సరే, నడక అయినా బాగుంటుందేమోనని నేల మీద పెట్టాను. ముందు షాక్‌లు ఈ కారుకి మరీ పొడుగు, స్ప్రింగులు మరీ గట్టి. ముందు చేతులు, అంటే చక్రాన్ని ఛాసిస్‌కి కలిపే ఆర్ములు, కిందికి తన్నుకుని నిలబడ్డాయి. హార్నెట్‌లో చెయ్యి వంగితే దానితోపాటే చక్రమూ వంగుతుంది, కాబట్టి చక్రాల పై అంచులు బయటికి, కింది అంచులు లోపలికి తిరిగాయి. టైరు బయటి అంచు ఒక్కటే నేలకి ఆనింది. స్టీరింగ్ తిప్పితే కారు ఆలోచించుకుని తిరుగుతోంది. ముక్కు నొక్కి వదిలితే ఒక్కసారి మెల్లగా లేచి ఆగాలి. ఇది రబ్బరు బంతిలా మూడుసార్లు ఎగిరింది. అంటే షాక్ లోపల గాలి ఉందన్నమాట. మూత విప్పితే బైకు మెకానిక్ షెడ్డు వాసన. ఈ షాక్‌లలో పోయాల్సింది సిలికాన్ నూనె, అది నీళ్లలా తేటగా ఉంటుంది, వాసన రాదు. నా వాటిలో ఉన్నది బైకు ఫోర్కుల్లో పోసే నూనె, అదీ సగమే. లోపలి ఓ-రింగులు (నూనె కారకుండా ఆపే రబ్బరు రింగులు) ఉబ్బిపోయి, రాడ్డు చేత్తో నెడితే కిర్రుమంటోంది.

నూనె విషయంలో ఒక మాట. నూనె చిక్కదనాన్ని వెయిట్ అని చెబుతారు, కానీ ఎన్ని వెయిట్ అని అడిగితే సరిపోదు, ఒక కంపెనీ లెక్క ఇంకో కంపెనీకి కలవదు. చిక్కదనానికి అసలు కొలత సెంటీస్టోక్స్, అందులో అడగండి. ఆర్సీ కార్ల కంపెనీ టీమ్ అసోసియేటెడ్ వారి 30 వెయిట్ అంటే 350 సెంటీస్టోక్స్. ఈ మాట తెలియనివాడు మీ షాక్ ముట్టుకోకూడదు.

ఫోన్ చేస్తే మొదటి రోజు "కొరియర్ వాళ్లు పడేసి ఉంటారు సార్" అన్నాడు. కొరియర్ వాళ్లు డ్రిల్లు పెట్టి కన్నాలు వేశారా అంటే, "అది లేకపోతే ప్లేటు ఎలా కూర్చుంటుంది సార్?" అన్నాడు. పాత రాడ్లూ స్ప్రింగులూ ఏవంటే పంపిస్తానన్నాడు. ఆ తర్వాత నా నంబరు బ్లాక్ చేశాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాను. డబ్బు పంపిన స్క్రీన్‌షాట్లు, కారు పంపేముందు తీసిన ఫోటోలు ఉన్నాయి గానీ, ఒరిజినల్ పార్టులకి ఏమీ కాదని ఆయన చెప్పింది ఫోన్‌లో. రాతలో ఏమీ లేదు. మీరు మాత్రం మెసేజ్‌లోనే అడగండి, జవాబు మెసేజ్‌లోనే తీసుకోండి.

ఇంత చదివాక కూడా మార్పించాలనే ఉంటే, 58336 ఛాసిస్ ఒకటి కొని దాని మీద మీ సరదా తీర్చుకోండి. పాత పార్టులు దానికి దాదాపు అన్నీ సరిపోతాయి. కన్నం పడినా ఇంకోటి దొరుకుతుంది. 58045 ఛాసిస్‌ని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టండి. నేను ఇప్పుడు చేసింది అదే, కాకపోతే పగిలాక చేశాను.

చివరగా, ఎవరైనా మీకు "హార్నెట్ ఒరిజినల్ ఫ్రంట్ స్ప్రింగులు, 1984వి" అని అమ్మజూపితే, ఎడమవైపు రాడ్డు పై కొస చూడండి. కుడీ ఎడమా కలిసిపోకుండా బాబాయి అక్కడ పిన్ని గోళ్ల రంగు చుక్క పెట్టారు. ముదురు ఎరుపు, ఆవగింజంత ఉంటుంది. అది కనిపిస్తే కొనకండి, నాకు చెప్పండి.