ఆ రెండు సెకన్లు ఎందుకు పూడ్చేశారు?

మా విశాఖ రాక్ బ్యాండ్ కొత్త పాట వచ్చి మూడు నెలలైంది. మొదటి వారంలోనే రాసుంటే ఈ సమీక్ష వేరేగా ఉండేది. విడుదలైన రాత్రి నాకు సి షిఫ్టు. పొద్దున్న ఆరున్నరకి స్టీల్ ప్లాంట్ గేటు బయట టీకొట్టు దగ్గర నిలబడి ఫోన్ స్పీకర్లోనే విన్నాను. విన్న వెంటనే తెలిసినవాళ్ళందరికీ పంపాను, "మనవాళ్ళు మళ్ళీ కొట్టారు" అని. ఆ మాట అబద్ధం కాదు గానీ, నా మాట నమ్మి విన్నవాళ్ళు ఇది కూడా చదవాలి.

బ్యాండ్ పేరు రాయను. విశాఖలో రాక్ వినేవాళ్ళకి ఎలాగూ తెలిసిపోతుంది. తెలియనివాళ్ళ ముందు వాళ్ళని పలచన చేయడం నాకిష్టం లేదు, తొమ్మిదేళ్ళుగా వాళ్ళ ప్రతి షోకీ వెళ్తున్నవాణ్ణి. ట్యూన్ గురించి, సాహిత్యం గురించి అందరూ రాసేశారు, వాటితో నాకు పేచీ లేదు. నా బాధ ఒక్కటే. ఈ పాటలో ఎక్కడా ఖాళీ లేదు.

వాళ్ళ పాత పాటొకటి ఆర్కే బీచ్‌లో, కాళీమాత గుడికి కొంచెం అవతల, చిన్న స్టేజి మీద మొదటిసారి విన్నాను. ఆఖరి చరణం ముందు గిటార్లు, బేస్, గొంతు అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లలో వెనకాల అల విరిగిన చప్పుడు వినిపించింది. అప్పుడు స్నేర్ మీద, అంటే డ్రమ్ముల్లో చురుక్కుమని మోగే చిన్న డ్రమ్ము మీద, ఒకే ఒక్క దెబ్బ పడింది. నా పక్కన మురీ మిక్చర్ తింటున్న పెద్దాయన ఉలిక్కిపడ్డాడు, పొట్లంలోవి సగం ఇసకలో పోయాయి, అయినా చప్పట్లు కొట్టాడు. రికార్డింగులోనూ ఆ ఖాళీని అలాగే ఉంచారు. వాళ్ళని నేను ప్రేమించింది ఆ ఖాళీ కోసమే.

కొత్త పాటలోనూ అలాంటి చోటొకటుంది, 2 నిమిషాల 40 సెకన్ల దగ్గర. అందరూ ఆగాల్సిన చోట కింద నుంచి పైకి లేచే కీబోర్డు మోత ఒకటి పెట్టి పూడ్చేశారు. దాని మీద స్నేర్ పడుతుంది. పడినట్టే ఉండదు.

మొదట నా చెవుల మీదే అనుమానం వచ్చింది. నేను చేసేది స్టీల్ ప్లాంట్ మిల్లులో. 8 గంటల షిఫ్టుకి 90 డెసిబెల్స్ దాటకూడదన్నది రూలు, ఇయర్ ప్లగ్స్ లేకుండా లోపలికి వెళ్ళం. మొన్నటి వినికిడి పరీక్షలో 4000 హెర్ట్జ్ దగ్గర గీత కాస్త కిందకి దిగింది. చప్పుడులో పనిచేసేవాళ్ళకి ముందు దెబ్బతినేది అక్కడేనట. స్నేర్ పదును కూడా చాలావరకు ఆ చుట్టుపక్కలే ఉంటుంది. తప్పు నాదేనేమో అని నిజంగా భయపడ్డాను.

అందుకని తమ్ముణ్ణి కూర్చోబెట్టాను. వాడివి ఇరవై రెండేళ్ళ చెవులు. రెండు పాటల ఫైళ్ళూ కొని, శబ్దాన్ని గీతల్లా చూపించే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో తెరిచాను. పాత పాట చేపముల్లులా ఉంది, మధ్యలో సన్నగా, డ్రమ్ము పడిన ప్రతిచోటా ఒక ముల్లు పైకి లేచి. కొత్తది మొదట్నుంచి చివరిదాకా ఇటుక. లిమిటర్‌తో, అంటే శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపే పరికరంతో, పైకొనలన్నీ నరికేసి, మిగిలినదాన్ని కప్పుకి ఆనేదాకా పెంచారు. దీన్ని 8 డెసిబెల్స్ తగ్గిస్తేగాని రెండూ సమానం కాలేదు. సమానం చేశాక ఏది ఏదో చెప్పకుండా వినిపించాను.

"అన్నయ్యా, ఈ రెండోదాంట్లో డ్రమ్ములు పక్కింట్లో కొడుతున్నట్టున్నాయేటి?" అన్నాడు.

రెండోది కొత్తపాట. నా చెవులు బాగానే ఉన్నాయి.

ఇంత మోత ఎందుకో నాకు అర్థం కాదు. స్పాటిఫై మామూలు సెట్టింగులో పాటలన్నిటినీ దాదాపు −14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట మొత్తం చెవికి ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) దగ్గరికి తెచ్చి వినిపిస్తుంది. యూట్యూబ్ కూడా మరీ గట్టిగా ఉన్నవాటిని తగ్గిస్తుంది. అంటే మీరెంత పెంచినా వాళ్ళు దించేస్తారు, నరికేసిన కొనలు మాత్రం తిరిగి రావు. 2008లో మెటాలికా బ్యాండ్ ఆల్బమ్ 'డెత్ మాగ్నెటిక్' మీద అభిమానులు గొడవ చేసింది దీని గురించే. అవే పాటలు గిటార్ హీరో గేములో ఇంత నలగకుండా వచ్చేసరికి జనం రెండూ పక్కన పెట్టి పోల్చారు. అంత పెద్ద బ్యాండ్‌కి జరిగింది మా వాళ్ళకి తెలియకుండా ఉంటుందా?

పాత పాటని నెత్తిన పెట్టుకున్నాను గానీ, అందులో బేస్ బురద బురదగా ఉంటుంది. గొంతు రెండుచోట్ల మునిగిపోతుంది. కొత్తదాంట్లో ప్రతి అక్షరం తెలుస్తుంది, అది పెద్ద మెరుగే. కూర్మన్నపాలెం నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్‌కి సిటీ బస్సులో వెళ్తూ వింటే కొత్తదే నయం. ఇంజను రొదలో పాత పాట మెల్లగా నడిచే భాగాలేవీ వినపడవు, ఇది మొత్తం వినపడుతుంది. తమ్ముడు ఈమధ్య జిమ్‌లో రోజూ ఇదే పెట్టుకుంటున్నాడు, డ్రమ్ముల గురించి అంత మాటన్నవాడే. మీరు వినేది బస్సులోనో జిమ్‌లోనో అయితే నా గొడవ మీకు పట్టదేమో.

నేను వినేది బి షిఫ్టు దిగొచ్చాక, పదకొండు దాటాక, అమ్మ నిద్రపోయాక, తక్కువ వాల్యూంలో. ఎనిమిది గంటలు మిల్లు చప్పుడు విన్నవాడికి పాటలో కాసేపు ఏమీ వినపడకపోవడం కావాలి. ఈ పాటే ఆ కీబోర్డు మోత తీసేసి, లిమిటర్ సగానికి తగ్గించి మళ్ళీ ఇస్తే ఇంకోసారి డబ్బిచ్చి కొంటాను. ఈ మాట వాళ్ళకీ రాసి పంపాను. జవాబు ఇంకా రాలేదు.