సెటిల్‌మెంట్ లెటర్ అని ఏజెన్సీ వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపితే డబ్బు వేయకండి

క్రెడిట్ కార్డు బాకీ పడి, "సెటిల్‌మెంట్ చేసుకోండి సార్, సగానికి పైగా తగ్గిస్తాం" అని రికవరీ ఏజెన్సీ ఫోన్లతో సతమతమవుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఏజెన్సీ ఏజెంటు వాట్సాప్‌లో పంపిన లెటర్ చూసి ఒక్క రూపాయి కూడా పంపొద్దు. బ్యాంకు సొంత మెయిల్ ఐడీ నుంచి లెటర్ రావాలి, డబ్బు నేరుగా కార్డు ఖాతాకే పోవాలి. ఈ రెంటిలో ఏది తప్పినా మీరు కట్టింది సెటిల్‌మెంట్ కాదు. మా తమ్ముడి విషయంలో ఏం జరిగిందో చెబుతాను. బ్యాంకు పేరు, ఏజెన్సీ పేరు రాయను, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది, పైగా ఇది ఏ ఒక్క బ్యాంకులోనో జరిగే బాగోతం కూడా కాదు.

వాడు కూకట్‌పల్లిలో ఉంటాడు, నేను విజయవాడలో. ఉద్యోగం పోయేనాటికి కార్డు మీద 92 వేలు బాకీ ఉంది. కొన్నాళ్లు మినిమమ్ డ్యూ కడుతూ లాగాడు, తర్వాత అదీ ఆగిపోయింది. నెలకు మూడున్నర శాతం వడ్డీ, దానికి తోడు లేటు ఫీజు, ఆ రెంటి మీద 18 శాతం జీఎస్టీ, వెరసి ఏడాది దాటేసరికి లక్షా అరవై వేలు చూపించడం మొదలుపెట్టారు. కొత్త ఉద్యోగం దొరికింది కానీ జీతం పాతదానికంటే తక్కువ, అద్దె, పాప స్కూలు ఫీజు పోగా మిగిలేది అంతంతమాత్రం.

ఫోన్లు వాడికే వస్తే ఒక తీరు. కార్డు అప్లికేషన్‌లో రెఫరెన్సుగా నా నంబరు ఇచ్చాడట, నాకు వచ్చేవి. పొద్దున్నే ఏడు కూడా కాకముందే అమ్మకు చేసి "మీ అబ్బాయి మీద 420 కేసు ఫైల్ అయింది, కానిస్టేబుల్ బయల్దేరాడు" అని చెప్పారు. అమ్మకు బీపీ. ఆ రోజంతా ఆవిడ అన్నం ముట్టలేదు. ఇలా చేయడానికి వీల్లేదని తర్వాత తెలిసింది, 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత రికవరీ కాల్స్ చేయకూడదు, ఇంట్లోవాళ్లను, స్నేహితులను వేధించకూడదు, ఏజెంటు ఏం చేసినా దానికి జవాబుదారీ బ్యాంకే. కార్డు బిల్లు కట్టలేకపోవడం సివిల్ వ్యవహారం, అంతమాత్రానికే పోలీసులు వచ్చి పట్టుకెళ్లేది ఏమీ ఉండదు. ఈ ముక్క ముందు ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పి పెట్టండి, ఎందుకంటే ఏజెంట్ల నాటకం సగం వాళ్ల భయం మీదే నడుస్తుంది.

సరే, ఒకరోజు ఏజెన్సీ నుంచి ఒకతను తమ్ముడితో చాలా మర్యాదగా మాట్లాడాడు. "సార్, మీ పరిస్థితి నాకు అర్థమైంది, నేనే మేనేజర్‌తో మాట్లాడి 55 వేలకు ఒప్పించాను, కాకపోతే ఈ రోజు సాయంత్రం అయిదులోపు 20 వేలు టోకెన్ పడాలి, లేకపోతే అప్రూవల్ క్యాన్సిల్ అయిపోతుంది" అన్నాడు. పది నిమిషాల్లో వాట్సాప్‌కు లెటర్ వచ్చింది. ఆ లెటర్ నా ఫోన్లో ఇంకా ఉంది, ఇప్పుడు చూస్తుంటే ఒక్కొక్కటీ కనబడుతోంది. పైన బ్యాంకు లోగో పక్కకు సాగదీసినట్టుంది. కార్డు నంబరులో చివరి నాలుగు అంకెలు తప్ప మిగతావన్నీ ఎక్స్‌లు, అది మామూలే, కానీ రిఫరెన్స్ నంబరు ఉండాల్సిన చోట ఖాళీ. "ఫుల్ అండ్ ఫైనల్" అనే మాట ఎక్కడా లేదు, "స్పెషల్ వేవర్ ఆఫర్" అని మాత్రం ఉంది. మిగిలిన 35 వేలు ఏ తేదీకి కట్టాలో లేదు. కింద ఆథరైజ్డ్ సిగ్నేటరీ అని ఉంది, మనిషి పేరు లేదు, హోదా లేదు, సంతకం ఉండాల్సిన చోట ఒక నీలం గీత. ఇక డబ్బు వేయమన్న క్యూఆర్ కోడ్‌ను యూపీఐలో స్కాన్ చేస్తే వచ్చింది బ్యాంకు పేరు కాదు, ఎవరిదో వ్యక్తి పేరు. తమ్ముడు అడిగాడు కూడా. "అది మా కలెక్షన్ అకౌంట్ ఇన్‌చార్జి పేరు సార్" అన్నాడట.

డబ్బు వెళ్లింది. తర్వాతి స్టేట్‌మెంట్‌లో 12 వేలు జమ అని చూపించింది. ఇరవై కాదు, పన్నెండు. అంటే ఆ ఏజెంటు తన చేత్తో 12 వేలు కార్డుకు కట్టి, "చూడండి సార్, పడింది" అని స్క్రీన్‌షాట్ పంపి, మిగతా 8 వేలు మింగేశాడన్నమాట. మిగిలిన 35 వేలకు డబ్బు సర్దుకుని ఫోన్ చేస్తే నంబరు పనిచేయలేదు. ఆ తర్వాతి నెలలో ఇంకో ఏజెన్సీ నుంచి ఫోన్, "మీ కేసు ఇప్పుడు మా దగ్గర ఉంది, మొత్తం కట్టాలి." పాత సెటిల్‌మెంట్ సంగతి చెబితే నవ్వాడట. బ్యాంకుకు మెయిల్ పెడితే జవాబు రెండు లైన్లలో వచ్చింది: ఈ ఖాతాకు ఎలాంటి సెటిల్‌మెంట్ మంజూరు కాలేదు, వచ్చిన మొత్తాన్ని పార్ట్ పేమెంట్‌గా జమ వేసుకున్నాం.

దీని వెనక తతంగం ఏంటంటే, బ్యాంకు బాకీలను ఎన్ని రోజులు దాటిందన్నదాన్ని బట్టి బకెట్లుగా విడదీసి ఏజెన్సీలకు అలాట్ చేస్తుంది. వసూలు చూపించకపోతే కేసు ఇంకో ఏజెన్సీకి మారిపోతుంది. ఏజెంటుకు టార్గెట్ ఉంటుంది, కమిషన్ ఉంటుంది, కానీ మీ బాకీలో ఒక్క రూపాయి మాఫీ చేసే అధికారం మాత్రం ఉండదు. అది బ్యాంకు లోపల కలెక్షన్స్ విభాగం మంజూరు చేయాలి. ఏజెంటు చేయగలిగిందల్లా మీ ప్రపోజల్ పైకి పంపడమే. కాబట్టి "నేనే మేనేజర్‌తో మాట్లాడాను" అన్నా సరే, మీరు కస్టమర్ కేర్‌కో, బ్యాంకు వెబ్‌సైట్లో ఉన్న మెయిల్‌కో రాసి, ఫలానా మొత్తానికి సెటిల్‌మెంట్ మంజూరైందా, ఈ ఏజెన్సీకి నా ఖాతా అప్పగించారా అని రెండు ప్రశ్నలు అడగండి. జవాబు వచ్చేదాకా అయిదు గంటల గడువు, ఆరు గంటల గడువు అన్నీ గాలికి వదిలేయండి. నిజమైన ఆఫర్ ఒక్క సాయంత్రంతో చచ్చిపోదు, వచ్చే నెల అడిగినా చాలాసార్లు దాదాపు అదే ఇస్తారు, మార్చి ఇయర్ ఎండింగ్ దగ్గరపడితే ఇంకొంచెం దిగొచ్చు కూడా. మీ బాకీని బ్యాంకు, మొండి బాకీలు కొనే అసెట్ రీకన్‌స్ట్రక్షన్ కంపెనీకి అమ్మేసిందని ఎవరైనా చెబితే, ఆ మాట కూడా బ్యాంకు చేతే రాతపూర్వకంగా చెప్పించుకోండి.

ఇప్పుడు అసలు ప్రశ్న, సెటిల్ చేసుకోవాలా వద్దా. చాలామంది సెటిల్ అయితే అప్పు తీరిపోయినట్టే అనుకుంటారు. అప్పు వరకు నిజమే, మన అప్పుల చరిత్ర చూపించే సిబిల్ రిపోర్టులో మాత్రం "క్లోజ్డ్" అని రాదు, "సెటిల్డ్" అని వస్తుంది. పూర్తిగా కట్టలేదు, కొంత వదిలేశాం అని దానర్థం. రేపు హోమ్ లోనుకు వెళ్తే బ్యాంకువాళ్లు స్కోరు 700 దాటిందా లేదా అన్నదాని కంటే ముందు ఆ మాట దగ్గరే ఆగుతారు, ఆ మిగిలింది కట్టి, ఇక బాకీ లేదన్న నో డ్యూస్ కాగితం తెమ్మంటారు. 2023 జూన్‌లో రిజర్వు బ్యాంకు తెచ్చిన నిబంధనల ప్రకారం, ఇలా రాజీ చేసుకున్నవాళ్లకు అదే సంస్థ మళ్లీ అప్పు ఇవ్వాలంటే కనీసం 12 నెలలు ఆగాలి, వ్యవసాయ రుణాలు కాకపోతే. నా అభిప్రాయం అడిగితే, రెండు మూడేళ్లలో ఇల్లు కొనే ఆలోచన ఉండి, బాకీలో అసలు మొత్తం కట్టగలిగే స్థితి ఉంటే సెటిల్‌మెంట్ జోలికి పోవద్దు, వడ్డీ, లేటు ఫీజు తీసేయమని బేరమాడి, వాయిదాల్లో కట్టి ఖాతాను "క్లోజ్డ్" అని రిపోర్ట్ చేస్తామని రాయించుకోండి. అందరికీ ఒప్పుకుంటారని కాదు, అడిగితే పోయేదేం లేదు. అదే ఏళ్ల తరబడి తీరని పెద్ద బాకీ, ఆదాయం లేదు, కొత్త లోను ఆలోచనే లేదు అనుకోండి, అప్పుడు సెటిల్‌మెంట్ మంచిదే, మనశ్శాంతి దక్కుతుంది. కానీ దాని కోసం బయట ఐదు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి కట్టడం మాత్రం శుద్ధ తెలివితక్కువ, మా తమ్ముడు 35 వేలకు అదే చేయబోతే నేను ఆపాను.

"లోను సెటిల్ చేయిస్తాం, మీరు ఈఎంఐలు ఆపేసి ఫీజు మాకు కట్టండి" అనే కంపెనీల సంగతి అసలు చెప్పను, దూరంగా ఉండండి.

టోకెన్ గురించి మాత్రం ఒక మాట. ఊళ్లో ప్రోనోటు మీద అప్పిచ్చే పెద్దమనుషులు మూడేళ్లు నిండేలోపు వెయ్యో రెండువేలో కట్టించుకుని నోటు వెనక చెల్లు రాయించి సంతకం పెట్టించుకుంటారు, చూసే ఉంటారు. ఎందుకంటే కాలదోషం పట్టకుండా, అంటే కోర్టులో దావా వేసే గడువు దాటిపోకుండా. 1963 నాటి లిమిటేషన్ చట్టం అది, కార్డు బాకీకీ మామూలుగా మూడేళ్లే, ఆ లోపు మీరు కొంత కట్టి సంతకంతో ఒప్పుకున్నా, బాకీ ఉన్నానని రాసిచ్చి సంతకం పెట్టినా మూడేళ్ల లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. గడువు దాటిపోయిన బాకీకి కూడా "కడతాను" అని రాసి సంతకం చేస్తే కాంట్రాక్ట్ చట్టం 25(3) కింద అది కొత్త ఒప్పందం అవుతుంది. ఎగ్గొట్టమని చెప్పడం లేదు, కాలదోషం పట్టినంత మాత్రాన సిబిల్‌లో మచ్చ పోదు, ఫోన్లూ ఆగవు. కానీ నాలుగైదేళ్ల పాత బాకీకి "ఊరికే ఒక అయిదు వేలు వేసి ఈ ఫారం మీద సంతకం పెట్టండి సార్" అని ఇంటికొచ్చి బతిమాలుతున్నారంటే అది మీ మీద జాలితో కాదు. అలాగే పోస్ట్ డేటెడ్ చెక్కులు ఇవ్వకండి. అప్పటిదాకా సివిల్‌గా ఉన్న వ్యవహారం, చెక్కు బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద క్రిమినల్ కేసు దాకా వెళ్తుంది.

లోక్ అదాలత్ నోటీసు వచ్చిందని కొందరు హడలిపోతారు. నిజంగా న్యాయ సేవాధికార సంస్థ నుంచి వచ్చిందేనా అని కోర్టు దగ్గర వాకబు చేసుకోండి, నిజమైతే వెళ్లండి, ఏజెంటుతో ఫోన్లో బేరం కంటే అది వంద రెట్లు నయం, అక్కడ కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. ఏజెన్సీలు వాట్సాప్‌లో పంపే "లోక్ అదాలత్ ఫైనల్ వార్నింగ్" అన్న ఎర్రక్షరాల కాగితాలకు మాత్రం ఏ విలువా లేదు.

నిజమైన సెటిల్‌మెంట్ లెటర్ వస్తే అందులో ఖాతా వివరం, మొత్తం ఎంత, ఏ తేదీకి ఎంత, ఇది కడితే పూర్తి బాకీ తీరినట్టు అన్న మాట, సంతకం చేసిన అధికారి పేరు, హోదా ఉండాలి. వాయిదా ఒక్కరోజు ఆలస్యమైనా సెటిల్‌మెంట్ రద్దు అనే షరతు దాదాపు అన్నింట్లో ఉంటుంది, కాబట్టి చేతిలో పూర్తి డబ్బు ఉన్నప్పుడే ఒప్పుకోండి. కట్టాక నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి, ఇవ్వడానికి తిప్పుతారు, వదలొద్దు. ఆ తర్వాత సిబిల్ ఒక్కటే కాదు, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ రిపోర్టులు కూడా చూసుకోండి, ఏడాదికి ఒకసారి ఒక్కోదాంట్లో పూర్తి రిపోర్టు ఉచితం. తప్పు ఉంటే డిస్ప్యూట్ వేయండి, 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఇంకొకటి, జీతం పడే ఖాతా బాకీ ఉన్న బ్యాంకులోనే ఉంటే వాళ్లు దాని మీద లీన్ పెట్టే, అంటే డబ్బు తీయకుండా ఆపేసే అవకాశం ఉంది, కార్డు ఒప్పందంలో ఆ షరతు సాధారణంగా ఉంటుంది, జీతం వేరే బ్యాంకుకు మార్పించుకోండి.

ఇప్పటికే ఇలా డబ్బు పంపేసినవాళ్లు ఉంటే, యూపీఐ లావాదేవీ నంబరు, ఆ పీడీఎఫ్, చాట్, కాల్ రికార్డింగ్ ఏదీ డిలీట్ చేయకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపడానికి అంత వీలు. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టి నంబరు తీసుకోండి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు ఆంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో, ఖర్చేమీ లేకుండా ఫిర్యాదు వేయొచ్చు, వివరాలకు 14448. "ఏజెన్సీతో మాకు సంబంధం లేదు" అని బ్యాంకు తప్పించుకోజూస్తుంది, మా వాడికీ అదే చెప్పారు, ఆ ఏజెన్సీకి మీరు కేసు అలాట్ చేసిన తేదీలు రాతపూర్వకంగా ఇవ్వండి అని అడిగాక గానీ స్వరం మారలేదు. ఇప్పుడు ఫిర్యాదు బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసర్ దగ్గర ఉంది, 8 వేలు జమ చేసి ఏజెంటు మీద చర్య తీసుకుంటారో లేదో చూడాలి. ఈలోగా అసలు మొత్తానికి వాయిదాలు అడుగుతూ తమ్ముడే బ్యాంకుకు సొంతంగా ప్రపోజల్ పెట్టాడు, ఏజెన్సీ నుంచి ఫోన్ వస్తే "బ్యాంకుతో మెయిల్‌లో నడుస్తోంది, అక్కడ చూసుకోండి" అని ఆ ఒక్క మాట చెప్పి పెట్టేస్తున్నాడు.